నాచారం ఫీడరు మీద నడిచిన అంతరిక్ష నౌక

ఆ రోజుల్లో ఉప్పల్‌లో కరెంటు వస్తూ పోతూ ఉండేదని అందరూ చెప్పుకుంటారు. అది నిజం కాదు. పోవడమే దాని ఉద్యోగం. రావడం అనేది మధ్యమధ్యలో మా మొహాలు చూసి జాలిపడి చేసిన పని. పొద్దున ఇన్ని గంటలు, సాయంత్రం ఇన్ని గంటలు కోత అని పేపర్లో వేసేవాళ్లు. మిగతా సమయంలో ఎందుకు పోయిందో మాత్రం ఏ పేపరూ చెప్పేది కాదు. ఇంట్లో అందరూ దీనికి అలవాటు పడిపోయారు. ఫ్యాను తిరగడం మొదలుపెట్టగానే అమ్మ మిక్సీ దగ్గరికీ నాన్న ఇస్త్రీపెట్టె దగ్గరికీ పరుగెత్తేవాళ్లు. అలవాటు పడనిదాన్ని నేనొక్కదాన్నే. ఎందుకంటే నాకొక అంతరిక్ష నౌక ఉండేది, అది కరెంటు మీద నడిచేది. (నవ్వేవాళ్లు నవ్వండి. చిన్నప్పుడు మీరు దేనికోసం అన్నం మానేసి కూర్చున్నారో మీ అమ్మగారిని అడిగితే చెబుతారు.)

నాన్న ఆఫీసులో ఒకాయన కొడుకు పదో తరగతికి వచ్చాడు. పదో తరగతి వచ్చిన ఇంట్లో టీవీకే దుప్పటి కప్పేసే కాలం అది. టీవీకి తగిలించుకుని ఆడే ఆట ఇంకెక్కడ నిలుస్తుంది? అలా ఆ వీడియో గేమ్ పెట్టె మా ఇంటికి చేరింది. నాన్న దాన్ని టిఫిన్ సంచిలో పెట్టుకుని తెచ్చాడు. అమ్మ సంచిలోంచి వైర్లు వేలాడుతుండడం చూసి, అది ఏమిటో తెలుసుకోకముందే షరతు పెట్టింది. నాకు పదో తరగతి వచ్చిన రోజు ఆ పెట్టె మా ఇంట్లోంచి కూడా వెళ్లిపోవాలి. నేనప్పుడు ఏడో తరగతి. పదో తరగతి అంటే ముసలితనం లాంటిది, అందరికీ వస్తుంది గానీ ఇప్పట్లో రాదు అనుకుని సరే అన్నాను. జీవితంలో వాదించకుండా సరే అన్న సందర్భాలు తక్కువ, అందులో ఇదొకటి. అందుకే బాగా గుర్తుంది.

పెట్టెలో ఒకటే క్యాసెట్. మాకన్నా ముందు ఆడినవాళ్లు దాన్ని ఎంత బలంగా నొక్కారో, లోపల ఇరుక్కుపోయి బయటికి వచ్చేది కాదు. దాని మీది లేబుల్ ఎప్పుడో ఊడిపోయింది. లోకమంతా ఒక్క క్యాసెట్‌లో బోలెడు ఆటలు ఆడుకుంటుంటే మా ఇంట్లో ఒకే ఆట, అదీ పేరు లేని ఆట. ఒక చిన్న అంతరిక్ష నౌక ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి పోతుంటుంది. లోపల హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకరుంటారు. మేము డ్రైవరన్న అనేవాళ్లం. గ్రహం మీద దిగాలి, నేలలోంచి నూనె తోడుకోవాలి, మీద పడే రాళ్లను తప్పించుకోవాలి. అన్నీ అయ్యాక కప్పమొహం జీవి ఒకటి అడ్డం వచ్చి నిలబడి ఏదో చెబుతుంది. అది చెప్పేది తెర కింద అక్షరాలుగా పడేది. ఆ లిపి మాకెవ్వరికీ తెలియదు. అది గ్రహాంతర భాష అని నేను తేల్చేశాను, అనువాదం బాధ్యత కూడా నేనే తీసుకున్నాను. నా అనువాదం ప్రకారం ఆ కప్పమొహాలన్నీ ఇంటి ఓనర్లు. బండి ఎక్కడ ఆపుకోవాలి, నీళ్లు ఎన్ని వాడుకోవాలి, చుట్టాలు ఎన్ని రోజులు ఉంటారు, ఇవే వాళ్ల ప్రశ్నలు. (మేము అప్పుడు అద్దెకు ఉండేవాళ్లం.)

గ్రహాలకు పేర్లు కూడా నేనే పెట్టాను. ఉప్పల్‌లో బయల్దేరి, హబ్సిగూడ, నాచారం, మల్లాపూర్ మీదుగా కాప్రా చేరాలి. మధ్యలో వచ్చే చిల్లర గ్రహాలు రిక్వెస్టు స్టాపులు. ఆట మొదట్లో ఆకాశం పటంలాగా కనబడి, గ్రహాలన్నీ వరసగా మెరిసేవి. అన్నిటికన్నా చివర కాప్రా, చిన్నగా, నీలంగా. చెరువు ఉంది కాబట్టే కాప్రా అని పెట్టాను గానీ, అది భూమి అని నా నమ్మకం. సైన్సు పుస్తకం అట్ట మీద భూమి అచ్చం అట్లాగే ఉండేది. అంటే డ్రైవరన్న మనవాడు కాడు, ఎక్కడివాడో, మన దగ్గరికి వస్తున్నాడు. వచ్చి ఏం చేస్తాడు? ఎవరిని కలుస్తాడు? మంచివాడా, చెడ్డవాడా? రెండేళ్లకు పైగా ఇదే నా ఆలోచన. కానీ ఆ పెట్టెకు జ్ఞాపకశక్తి లేదు. ఇప్పటి పిల్లలు ఆటను సగంలో దాచుకుని భోంచేసి వచ్చి మళ్లీ అక్కడి నుంచే ఆడతారు. మాకు ఆ సదుపాయం లేదు. కరెంటు పోతే బండి మళ్లీ ఉప్పల్ బస్టాండులో ఉండేది. నేను ఎంత వేగంగా నడిపినా మల్లాపూర్ దాటకముందే చీకటి పడేది, మా ఇంట్లో కూడా, అంతరిక్షంలో కూడా.

ఇంతలో ముసలితనం వచ్చేసింది. తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయాయి. బడి తెరవగానే పెట్టె పోతుందని అమ్మ గుర్తు చేసింది. ఎవరింటికి పోవాలో కూడా నాన్న మాట ఇచ్చేశాడు. కాప్రా చూడకుండా దాన్ని ఇచ్చేస్తే బతికి ఏం లాభం అన్నంత బాధలో ఉన్నప్పుడు, సెలవులకు నాచారంలో మేనత్త ఇంటికి పోయి రమ్మన్నారు. అప్పుడు వెలిగింది నాకు. మామ ఎప్పుడు మా ఇంటికి వచ్చినా, కరెంటు పోగానే విసనకర్ర అందుకుంటూ గొప్పగా ఒక మాట అనేవాడు: "మా తాన గిట్ల పోదు. మాది ఫ్యాక్టరీ ఫీడర్." నాచారంలో వాళ్ల వీధికి కరెంటు ఇండస్ట్రియల్ లైను మీది నుంచి వచ్చేది. ఫ్యాక్టరీలు నడిచినంతసేపు వాళ్ల ఫ్యాన్లూ నడిచేవి. వారానికి ఒక్క రోజు పవర్ హాలిడే అని మొత్తం ఆపేవాళ్లు, మిగతా రోజులు కంటి రెప్పంత సేపు కూడా పోదు. ఆ లైనును తనే అత్తకు పెళ్లికానుకగా ఇచ్చినట్టు చెప్పుకునేవాడు మామ. నేను బట్టల సంచిలో బట్టలు తగ్గించి పెట్టెను సర్దుకుని బస్సెక్కాను.

అక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది టీవీ. మా ఇంట్లో కలర్ టీవీ, అత్త ఇంట్లో చెక్క తలుపులున్న బ్లాక్ అండ్ వైట్ టీవీ. కలర్ ఉన్నచోట కరెంటు లేదు, కరెంటు ఉన్నచోట కలర్ లేదు. ఆట పెట్టి, పటం కనబడగానే, చివరి గ్రహాన్ని చూపించి అదే భూమి అని వదినకు చెప్పాను. వదిన అంటే అత్త కూతురు, నాకన్నా ఒక్క ఏడాది పెద్ద, అప్పుడే పదో తరగతి గండం దాటి ఇంటర్ కోసం ఎదురుచూస్తూ ఉంది. గండం దాటినవాళ్లకు ఉండే పొగరు కూడా ఉంది. కళ్లు చిన్నవి చేసుకుని తెరలోకి చూసి, "నీలం ఎక్కడున్నదే? బూడిద రంగున్నది," అంది. మా ఇంట్లో నీలంగానే ఉంటుందన్నాను. "మీ ఇంట్ల అన్నీ వేరేనే ఉంటయ్ తియ్," అంది. డ్రైవరన్న భూమికి ఎందుకు వస్తున్నాడో నా సిద్ధాంతం మొత్తం వివరించాను. ఓపిగ్గా విని, చివరికి ఒక్క మాటలో తీసిపారేసింది. "ఏం ఉండదే పిచ్చిదానా. అయిపోయినంక మళ్ల మొదటి నుంచే వస్తది. అన్ని ఆటలు గంతే."

ఇంత ప్రయాణం చేసిన మనిషికి చివర ఏమీ ఉండదంటే ఎవరైనా ఎట్లా ఊరుకుంటారు? పందెం వేసుకున్నాం. ఓడినవాళ్లు అందరి ముందర నిలబడి "నాది తప్పు" అనాలి. వదినకు అదొక లెక్కలోది కాదు, రోజుకు నాలుగుసార్లు అనేది, అందుకే అందరికీ ముద్దు. నాకు మాత్రం అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మా మామ నాకు పెట్టిన పేరు లాయరమ్మ. (లాయరును కాలేదు. కాలేజీలో కామర్స్ చెప్పాను. అక్కడ కూడా వాదించడానికి పిల్లలు దొరికేవాళ్లు కాబట్టి పెద్దగా నష్టపోలేదు.)

రెండో చిక్కు మామ. ఆ వారం ఆయనకు నైట్ షిఫ్టు. ప్లాస్టిక్ బకెట్లు అచ్చుపోసే ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటర్. పొద్దున వచ్చి, చద్దన్నం తిని, ముందు గదిలో మంచం మీద పడుకునేవాడు. టీవీ ఉన్నది కూడా ఆ గదిలోనే, ఉన్నవే ఆ గదీ వంటగదీ. మామ మంచివాడే కానీ మీసం పెద్దది, చిన్నపిల్లలకు మీసాన్ని బట్టే మనిషి అర్థమవుతాడు. అందుకని టీవీ సౌండు పూర్తిగా తగ్గించి, ఊపిరి కూడా అడిగి తీసుకుంటూ మొదలుపెట్టాం. మామ ఇటు తిరిగాడు. అటు తిరిగాడు. లేచి నీళ్లు తాగాడు. మళ్లీ పడుకుని పైకప్పు చూశాడు. ఇక మా పెట్టెకు మూడిందనుకుని నేను వైర్లు పీకబోతుంటే, కళ్లు మూసుకునే అన్నాడు: "జర సప్పుడు పెట్టుర్రి బిడ్డా. ఇంత సప్పుడు లేకుంటె నిద్ర పడ్తలేదు."

అప్పుడు తెలిసింది అసలు సంగతి. అంతకాలం మిషన్ల మోతలో పనిచేసిన మనిషికి నిశ్శబ్దంలో నిద్ర రాదట. అందుకే నైట్ షిఫ్టు వారమంతా అత్త ఆయన మంచం పక్కనే కుట్టుమిషన్ తొక్కుతూ కూర్చునేది. వీధిలో వాళ్ల జాకెట్లన్నీ ఆ వారంలోనే పూర్తయ్యేవి. సూదిలో దారం ఎక్కించుకోవడానికి ఆపితే చాలు, మామ కదిలేవాడు. సౌండు పెంచాం. నౌక చప్పుడు, రాళ్లు పగిలే చప్పుడు, నూనె తోడే చప్పుడు, వీటన్నిటి వెనక ఎప్పుడూ ఆగని ఒక కూనిరాగం. హబ్సిగూడ చేరేలోపు మామ గురక మొదలైంది. అత్త కాసేపు నమ్మలేక చూసింది. మెల్లగా కుట్టుమిషన్ మీది నుంచి లేచింది. మాకు చెరో జంతిక చేతిలో పెట్టి, "మీరు ఆడుకుంట ఉండుర్రి, నేను గామె ఇంటికి పోయొస్త," అని గడప దాటింది. ఏ ఇంటామె అని మేము అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ వారం అత్తకు మా మీద పెరిగిన ప్రేమ అంతా ఇంతా కాదు. వీడియో గేమ్ వల్ల పిల్లలు చెడిపోతారని ఎవరో అంటే, ఏ పిల్లలు అని ఎదురు అడిగిందట.

మేలుకుని ఉన్న కాస్త సమయంలో మామ మాకు కొన్ని పాఠాలు కూడా చెప్పాడు. రిలీవర్, అంటే మన పని అందుకునే మనిషి, రానిదే మిషన్ వదలొద్దు అనేది మొదటిది. కాబట్టి మేమూ షిఫ్టులు పెట్టుకున్నాం. నేను నడుపుతుంటే వదిన తినాలి, వదిన నడుపుతుంటే నేను తినాలి. రిమోటు చేతులు మారేటప్పుడు నూనె ఎంతుంది, ఎదురుగా ఏం రాళ్లున్నాయి అంతా ఒప్పజెప్పాలి. వదిన నూనె తగలేసి ఖాళీ బండి చేతిలో పెట్టేది, దాంతో కరెంటు ఉన్నా మల్లాపూర్ దాటేవాళ్లం కాదు. అడిగితే నేను అనువాదం సరిగ్గా చెప్పలేదనేది. మామ చెప్పిన పాఠం ఇంకొకటుంది, అది మాత్రం నవ్వుతూ చెప్పలేదు. నడిచే మిషన్‌కు భయపడక్కర్లేదు, ఆగిన మిషన్‌కే భయపడాలి. అచ్చు మధ్యలో ఆగిందంటే ముందు మెయిన్ స్విచ్ కొట్టాలి, తరువాతే దగ్గరికి పోవాలి. ఆయన పక్క మిషన్ మీద పనిచేసే అన్న ఒకాయన, ఆగింది కదా అని లోపల చెయ్యి పెట్టాడు. మిషన్ ఆగినట్టే ఆగి మళ్లీ మూసుకుంది. రెండు వేళ్లు పోయాయి. మామే ఆయన్ను దవాఖానాకు తీసుకుపోయాడు.

చివరికి ఆ రోజు వచ్చింది. మర్నాడు పవర్ హాలిడే, ఆ సాయంత్రమే నన్ను తీసుకుపోవడానికి నాన్న వస్తాడు, ఆ పెట్టె సరాసరి కొత్త ఇంటికి పోతుంది. ఇదే ఆఖరి ప్రయాణం. పొద్దున మామ పడుకోగానే బండి తీశాం. ఆ రోజు మేము నడిపినట్టు ఇంకెవరూ నడిపి ఉండరు. వదిన నూనె పొదుపు చేసింది, నేను అనువాదం తగ్గించాను. మధ్యాహ్నానికి మల్లాపూర్ దాటాం. దాటగానే ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం గట్టిగా పట్టుకున్నాం, పందెం సంగతి కూడా మరిచిపోయాం. కాప్రా తెర నిండా పెద్దదవుతూ వచ్చింది, బూడిద రంగులో. నౌక మెల్లగా దిగింది. డ్రైవరన్న ఎన్నడూ లేనిది బండి దిగాడు. నాలుగడుగులు నడిచాడు. ఎదురుగా ఒక చిన్న తలుపు. దాని ముందర నిలబడ్డాడు.

అంతే, చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. మొదటి రోజు నుంచి వెనక నడుస్తున్న ఆ కూనిరాగం కూడా ఆగిపోయింది. తెర మీద ఏదీ కదలడం లేదు. డ్రైవరన్న, తలుపు, అంతే. తలుపు తెరుచుకుంటుందని నేను, ఆట స్తంభించిపోయిందని వదిన. క్యాసెట్ వేడెక్కి ఉంటుంది, కొంచెం నొక్కితే సర్దుకుంటుందని ఆమె చెయ్యి చాపింది. ఇరుక్కున్న క్యాసెట్‌ను కదిపితే మొత్తం పోతుందని నాకు తెలుసు. పెట్టె మీది ఆమె చెయ్యిని మణికట్టు దగ్గర రెండు చేతులతో పట్టుకుని వెనక్కి లాగాను. ఆమె వదలలేదు. "ఇడువే," అని ఆమె, "నువ్వు ఇడువు," అని నేను, ఇద్దరం గొంతులోనే.

చప్పుడు ఆగేసరికి మంచం మీద మామకు మెలకువ వచ్చింది. ఆయన కళ్లకు కనబడింది ఏమిటో కాస్త మీరే ఊహించుకోండి. మిషన్ ఆగి ఉంది. కూతురి చెయ్యి మిషన్‌లో ఉంది. మేనకోడలు ఆ చెయ్యిని పట్టుకుని బలమంతా పెట్టి బయటికి లాగుతోంది. మామ ఒక్క ఉదుటున లేచాడు. మంచం మీది నుంచి తలుపు పక్కనున్న మెయిన్ దాకా ఎట్లా చేరాడో తెలియదు, లుంగీ సగం మంచం మీదే ఉండిపోయింది, మెయిన్ స్విచ్ కిందికి కొట్టాడు. ఫ్యాను ఆగింది. వంటగదిలో బల్బు ఆరిపోయింది. టీవీ తెర మధ్యలో ఒక తెల్లని చుక్క మిగిలి, అది కూడా మెల్లగా పోయింది. నాచారం ఫీడరు మొత్తం పొడుగునా, ఆ ఒక్క ఇంట్లోనే కరెంటు లేదు.

మామ వచ్చి వదిన చెయ్యి తీసుకుని ఒక్కొక్క వేలూ వంచి చూశాడు. తిరగేసి మళ్లీ చూశాడు. ఆ తరువాత గానీ ఊపిరి వదల్లేదు. "ఆగిన మిషిన్ల చెయ్యి పెడ్తరానే?" అన్నాడు. ఆ మాట అన్నాక కూడా ఆ వేళ్లు పట్టుకునే ఉన్నాడు. కానీ నాకప్పుడు దాన్ని అర్థం చేసుకునే బుద్ధి ఎక్కడిది? నా కళ్ల ముందు ఒక తలుపు మూసుకుపోయింది. ఏడుస్తూనే వాదన మొదలుపెట్టాను. అది మిషన్ కాదని, ఆట అని, దానిలో చెయ్యి పోదని, ఇంకొక్క నిమిషం ఆగితే తలుపు తెరుచుకునేదని, అక్కడ భూమి ఉందని, మా ఇంట్లో అయితే అది నీలంగా ఉంటుందని. మామ అంతా విన్నాడు. లుంగీ సర్దుకున్నాడు. "ఆగినంక అన్నీ మిషిన్లే లాయరమ్మా," అన్నాడు. తరువాత మెయిన్ పైకి వేసి, టీవీ వైపు చూసి, మళ్లీ మొదటి నుంచి పెట్టుకొమ్మని ఎంతో మెల్లగా చెప్పాడు. టీవీ తెర మీద బండి ఉప్పల్‌లో నిలబడి ఉంది. ఇద్దరిలో ఎవరమూ రిమోటు ముట్టుకోలేదు. మామ ఆ పూట మళ్లీ పడుకోలేదు. అత్త వచ్చి కుట్టుమిషన్ తొక్కినా పడుకోలేదు. నాన్న వచ్చేదాకా నాతోనే కూర్చుని, గోడకు ఆనుకుని, ఆ డ్రైవరన్న ఎవరు, ఎక్కడివాడు అని అడుగుతూ ఉన్నాడు. నేను కోపంగా జవాబులు చెప్పాను. ఆయన ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు.

పందెం తేలలేదు. ఆ తరువాత మా ఇద్దరికీ పెళ్లిళ్లు అయ్యాయి, పిల్లలు పుట్టారు, ఇద్దరమూ కళ్లద్దాల మనుషులమయ్యాం. ఏ పెళ్లిలో కలిసినా, తాంబూలం తీసుకుంటున్నప్పుడైనా సరే, తలుపు వెనక ఏముందన్న దగ్గరికి మాట వచ్చేది. వదిన మాట మార్చలేదు, నేను గ్రహం మార్చలేదు. మామ పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడి అక్కడ అపార్టుమెంట్లు లేచాయి. వదిన వాళ్లు అందులోనే ఒక ఫ్లాట్ కొన్నారు, కింది అంతస్తులో ఇంకో దాంట్లో అత్త, మామ ఉంటారు. ఒకప్పుడు మోతతో నిద్రపోయిన చోటే ఇప్పుడు నిశ్శబ్దంతో నిద్రపట్టక మామ ఇబ్బంది పడుతున్నాడు. అత్త మోకాళ్లు పోయి కుట్టుమిషన్ తొక్కలేకపోతోంది. ఫ్లాట్ కొనేటప్పుడు బిల్డరు చాలా ప్రశాంతమైన వాతావరణం అని చెప్పాడట. మామ మొహం చూస్తే ఆ బిల్డరు మీద కేసు వెయ్యాలనిపిస్తుంది.

మొన్న బోడుప్పల్ నుంచి నేను వాళ్లింటికి పోయాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక కింది ఫ్లాట్‌లో అందరం కూర్చుని ఉంటే, మా పాత గొడవ విని విని విసిగిపోయిన వదిన కూతురు ఫోను తీసింది. దానికి ఇంజనీరింగ్, ఓపిక తక్కువ. కప్పమొహాలు, తలుపు, పేరు తెలియని లిపి అంటూ ఏవేవో కొట్టి, నేను ఆవలించేలోపు, "ఇదేనా అత్తా?" అని ఫోను నా ముందు పెట్టింది. ఎవరో మహానుభావుడు మొదటి నుంచి చివరిదాకా ఆడి రికార్డు చేసి పెట్టాడు. అది జపనీస్ ఆట అట. ఓనర్లు మాట్లాడింది కూడా జపనీసే, కావాలంటే అర్థం కూడా వస్తుందంది. అక్కర్లేదన్నాను. అంత కష్టపడి చేసిన అనువాదాన్ని ఇప్పుడు ఇంకొకరు దిద్దడం నాకు ఇష్టం లేదు.

వదినా నేనూ సోఫాలో పక్కపక్కన కూర్చుని ఫోనును టీపాయ్ మీద చెంబుకు ఆనించి పెట్టుకున్నాం. ఆ కూనిరాగం మొదలైంది. ఉప్పల్, హబ్సిగూడ. రికార్డు చేసినవాడు తొందరగానే నడుపుతున్నాడు గానీ, నూనె వదినకన్నా ఎక్కువ తగలేస్తున్నాడు. ఆ మాట అందామని తల తిప్పితే, కిటికీ పక్క కుర్చీలో మామ గడ్డం ఛాతీ మీదికి వాలిపోయి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. అత్త వంటింటి గుమ్మంలో నిలబడి, మమ్మల్ని చూసి, వేలు పెదవుల మీద పెట్టుకుంది. రాత్రి కూడా ఇంత నిద్ర లేదని చేత్తోనే చెప్పింది.

మల్లాపూర్ దాటింది. కాప్రా తెర మీద పెద్దదయింది. చూడు నీలం అని నేను వేలు పెట్టి చూపించాను. "ఆకుపచ్చ గదనే," అంది వదిన గొంతులోనే. నిజం చెప్పాలంటే అది నెమలికంఠం రంగు, చీర అయితే ఇద్దరమూ కొనుక్కునేవాళ్లం. నౌక దిగింది. డ్రైవరన్న బండి దిగి నడవడం మొదలుపెట్టాడు. దూరంగా తలుపు కనబడింది. ఇంకో నాలుగడుగులు వేస్తే తలుపు దగ్గరికి చేరతాడు. చేరితే పాట ఆగుతుంది. పాట ఆగితే ఏమవుతుందో ఈ భూమి మీద నాకూ వదినకూ తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఇద్దరం ఒకేసారి మామ వైపు చూశాం.

వేలు చాపింది నేనే. తెర కింది గీత మీద పెట్టి, కాప్రా నుంచి మల్లాపూర్, నాచారం, హబ్సిగూడ మీదుగా బండిని ఉప్పల్ దాకా వెనక్కి లాగేశాను. కూనిరాగం తెగకుండా అందుకుంది. మామ గురక మారలేదు. "అట్లెందుకు చేశావత్తా, అయిపోవచ్చింది కదా," అంది పిల్ల. వదిన తెర మీద మళ్లీ బయల్దేరుతున్న బండిని చూస్తూ, నా చెవి దగ్గరికి వంగింది. "చెప్పిన గదనే," అంది. "అయిపోయినంక మళ్ల మొదటి నుంచే వస్తదని."

నా దగ్గర జవాబు లేక కాదు. ఎన్నో ఉన్నాయి. అయిపోలేదని, నేను లాగితే వచ్చిందని, అది లెక్కలోకి రాదని. కానీ ఒక్కటి కూడా మెల్లగా చెప్పగలిగేది కాదు. కాబట్టి ఆమె చెవిలోనే, నాది తప్పు అన్నాను. వదిన తల అడ్డంగా ఊపింది. గుసగుసగా చెబితే చెల్లదట, అందరి ముందర అనాలన్నది పందెమట. ఆ లింకు ఇప్పుడు మామ ఫోనులో ఉంది, తలుపుకు నాలుగడుగుల ముందే దానంతట అదే మళ్లీ మొదలయ్యేట్టు పిల్ల ఏదో చేసి పెట్టింది. నా ఫోనులో కూడా ఉంది. నేను ఒక్కదాన్నే కూర్చుని ఆ నాలుగడుగులూ నడిపించి చూసుకోవచ్చు, పక్కన లేచేవాళ్లు ఎవరూ లేరు. కానీ నా వేలు ఆ తలుపు ముందర ఆగి, తనంతట తనే వెనక్కి పోతుంటుంది. రెండు చేతులతో వదిన మణికట్టు పట్టుకుని లాగిన ఆ పద్నాలుగేళ్ల పిల్ల చూస్తే ఏమంటుందో నాకు తెలుసు: ఇంత దూరం వచ్చి తలుపు తియ్యకుండా పోతావా అని. దాని మాటకు ఎదురు చెప్పేంత ఓపిక ఇప్పుడు నాకు లేదు.

ఇక మిగిలింది పందెం. అందరి ముందర అనాలి కాబట్టి అందరూ చదివే చోట రాస్తున్నాను. వదినా, నాది తప్పు. అయిపోయినంక మళ్ల మొదటి నుంచే వస్తది.

(ఆ గ్రహం మాత్రం భూమే.)